పడవలో వాన నీళ్లు: తుడిచి ఊరుకోకండి

సియాటిల్ చుట్టుపక్కల తెరచాప పడవ ఉన్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఇది హెచ్చరిక. అక్టోబరు వానలు పట్టుకునేలోపు ఒక పగలంతా పడవకు కేటాయించండి. కేబిన్‌లో పరుపులు ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి. అలమరాల వెనక, కిటికీల కింద, తెరచాప స్తంభం, అంటే మాస్టు దిగిన చోట, అడుగున నీళ్లు చేరే బిల్జ్‌లో టార్చి వేసి చూడండి. తడి తగిలినా, చెక్క మీద గోధుమరంగు చార కనిపించినా, బూజు వాసన వచ్చినా గుడ్డతో తుడిచి తలుపు వేసి వచ్చేయకండి. ఆ నీళ్లు ఎక్కడ దూరుతున్నాయో తేలేదాకా ఆ పడవను గట్టి గాలిలోకి తీసుకెళ్లకండి.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. మనవాళ్లలో పడవ కొనే సరదా పెరుగుతోంది. ఆఫీసు స్నేహితులతో ఒక సాయంత్రం లేక్ యూనియన్‌లో తిరిగి వచ్చాక మనకూ ఒకటి ఉంటే బాగుండునని అనిపిస్తుంది. కొత్త పడవ ధర అందదు. అందుకని 1970లలోనో 80లలోనో తయారైన 27 నుంచి 32 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ కొంటారు. వాడిన కారు ధరకే దొరుకుతుంది, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే. కొనేది సాధారణంగా జూలైలోనో ఆగస్టులోనో. సియాటిల్‌లో ఆ రెండు నెలలూ చినుకు పడటమే అరుదు. కేబిన్ పొడిగా ఉంటుంది, వార్నీషు మెరుస్తుంటుంది. అడుగుభాగం చూస్తారు, ఇంజిను తిప్పి చూస్తారు, తెరచాపలు విప్పి చూస్తారు. డెక్ లోపల ఏముందని మాత్రం అడగరు. మొదటి ముసురుకు గుట్టు బయటపడుతుంది. అప్పటికి పడవ మీ పేరు మీదికి మారిపోయి ఉంటుంది.

ఇక్కడి వాన తీరు కూడా తెలిసి ఉండాలి. సియాటిల్‌లో ఏడాదికి కురిసేది సుమారు 1,000 మిల్లీమీటర్లు. విశాఖపట్నంలోనూ ఇంచుమించు అంతే. కానీ విశాఖలో వాన దంచి కొట్టి వెలుస్తుంది, ఎండ కాస్తుంది, తడిసింది ఆరుతుంది. ఇక్కడ అక్టోబరు నుంచి మార్చి దాకా సన్నగా, రోజుల తరబడి పడుతూనే ఉంటుంది. మధ్యలో ఆరబెట్టే ఎండ ఉండదు. సన్న సందులోంచి దూరిన నీళ్లు ఆరు నెలలు లోపలే ఊరుతుంటాయి. కొన్నేళ్లు ఇంకా ఘోరం. 2006 నవంబరు ఒక్క నెలలోనే సియాటిల్ విమానాశ్రయం దగ్గర దాదాపు 400 మిల్లీమీటర్లు పడింది.

డెక్ పైకి ఒకే పలకలా కనిపించినా నిజానికి మూడు పొరలు. పైన ఒక ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఇంకొకటి, మధ్యలో తేలికైన బాల్సా చెక్క ముక్కలు. కొన్నిటిలో ప్లైవుడ్, కొన్నిటిలో ఫోమ్ ఉంటుంది. బరువు పెరగకుండా బిగువు రావడానికి ఈ ఏర్పాటు. మూడు పొరలూ అతుక్కుని ఉన్నంతకాలం దిగులు లేదు. చిక్కంతా దానికి వేసిన రంధ్రాలతోనే. చుట్టూ కంచెలా ఉండే కమ్మీల పాదాలు, తాళ్లు కట్టే క్లీట్లు, వించిలు, తెరచాప తాడు జరిగే పట్టాలు, హ్యాచ్‌లు, చేతిపట్టీలు, అన్నిటినీ బోల్టులతో డెక్‌కు బిగిస్తారు. ముప్పై అడుగుల పడవలో ఆ రంధ్రాలు వంద దాటుతాయి. తైవాన్‌లో ఆ రోజుల్లో కట్టిన టేకు డెక్ పడవల్లో అయితే పలకలను పట్టి ఉంచే స్క్రూలే వేలల్లో ఉంటాయి. తయారుచేసిన రోజున ప్రతి రంధ్రంలోనూ సీలెంట్ పెట్టారు. నలభై ఏళ్లకు అది బిరుసెక్కి పట్టు వదిలేసింది. డాక్ మీంచి పడవలోకి ఎక్కే మనిషి ఆ కమ్మీ పట్టుకుని ఒళ్లు ఊపిన ప్రతిసారీ దాని పాదం వెంట్రుకవాసి కదులుతుంది. వాన నీటికి ఆ దారి చాలు.

వాన నీళ్లేగా, ఉప్పు కూడా లేదు, ఏం చేస్తాయిలే అని చాలామంది అంటారు. చెక్క విషయంలో ఈ లెక్క తలకిందులు. చెక్కను పుచ్చబెట్టే శిలీంధ్రాన్ని ఉప్పు అణచి ఉంచుతుంది. వాన నీటిలో ఆ రక్షణ లేదు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే పుచ్చుకు చోటిచ్చినట్టే. పైనా కిందా ఫైబర్‌గ్లాస్ మూసేసి ఉండటంతో లోపలికి వెళ్లిన తడి బయటికి రాలేదు. బోల్టు రంధ్రం చుట్టూ మొదలై అడుగు, రెండడుగులు అలా పాకుతుంది. ఆఖరికి మధ్య పొర నల్లటి ముద్దయి, పైన నడిస్తే డెక్ మెత్తగా దిగబడుతుంది. చికాగో, న్యూజెర్సీ వైపు ఉన్నవాళ్లకు ఇంకో బెడద. లోపలి నీళ్లు గడ్డకడితే 9 శాతం ఉబ్బి పొరలను విడదీస్తాయి.

డెక్ మెత్తబడటం ఖర్చుతో పోయే సంగతి. మాస్టు సంగతి అలా కాదు, అక్కడ ప్రాణాలు పోతాయి.

మాస్టును రెండు పక్కల నుంచి ఉక్కు తీగలు లాగి నిలబెడతాయి. ఆ తీగల కింది కొసలను చెయిన్‌ప్లేట్లు అనే స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలకు తగిలిస్తారు. పాత పడవల్లో చాలావాటికి ఆ పట్టీ డెక్‌లోని సన్నటి గాడిలోంచి కిందికి దిగి, కేబిన్ లోపలి ప్లైవుడ్ గోడకు బోల్టులతో బిగిసి ఉంటుంది. గట్టి గాలిలో పడవ ఒరిగినప్పుడు గాలి వచ్చే వైపు పట్టీలు టన్నుల లెక్కన బరువు లాగుతాయి. వాన నీళ్లు ఎక్కువగా దూరేది సరిగ్గా ఆ గాడిలోంచే.

ఈ వేసవిలో ఒక మిత్రుడి పడవలో ఆ పట్టీ విప్పుతుంటే పక్కన ఉన్నాను. కేబిన్‌లో సోఫా పైన గోడ మీద టీ రంగు చార ఒకటి కనిపిస్తుండేది. ప్రతి చలికాలం తర్వాత తుడిచి వార్నీషు పూసేవాడు. పట్టీ డెక్ పైన కనిపించే భాగం అద్దంలా మెరుస్తోంది. కింద గోడకు బిగిసిన భాగమూ శుభ్రంగానే ఉంది. బోల్టులు తీసి పైకి లాగితే, డెక్ మందంలో దాగిన అంగుళమున్నర ముక్క మాత్రం గోధుమరంగు పొక్కులతో, సూది గుచ్చినట్టు గుంటలతో వచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే ఒక అంచు నుంచి మధ్యదాకా సన్నటి పగులు. వెనకున్న ప్లైవుడ్‌ను వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలింది. ఆ పడవలో అంతకుముందు వారమే ఇద్దరు పిల్లలతో సాన్ హువాన్ దీవుల దాకా వెళ్లివచ్చారు.

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదన్న నమ్మకమే ఇక్కడ కొంప ముంచుతుంది. ఆ లోహాన్ని కాపాడేది దాని ఒంటి మీద ఏర్పడే సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొర. ఆక్సిజన్ తగులుతున్నంతసేపే ఆ పొర నిలుస్తుంది. గాలాడని గాడిలో, చివికిన సీలెంట్ మధ్య నీళ్లు నిలిచి, వాటిలో డెక్ మీది ఉప్పు కాస్త కరిగితే ఆ పొర పోతుంది. గుంటలు పడతాయి, గుంటలోంచి పగులు మొదలవుతుంది. బయటికి ఏమీ తెలియదు. తెగిన క్షణంలో నలభై అడుగుల అల్యూమినియం మాస్టు తీగలతో, తెరచాపతో సహా కూలుతుంది. దాని కింద ఎవరూ లేకపోయినా, నీళ్లలో పడిన మాస్టు పడవ పక్క గోడను పొడుస్తూ ఉంటుంది. చలికాలంలో ప్యూజెట్ సౌండ్ నీళ్లు 8, 9 డిగ్రీలే. అందులో పడిన మనిషి చేతులు నిమిషాల్లో పట్టు తప్పుతాయి.

కరెంటు ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. డాక్ నుంచి పడవలోకి 120 వోల్టుల లైను లాక్కుని హీటర్లు నడుపుతాం. సీలింగు పలకల వెనకాల నుంచి కారిన నీళ్లు వైరు పట్టుకుని నేరుగా స్విచ్ ప్యానెల్ దాకా పోతాయి. పచ్చగా చిలుము పట్టిన కనెక్షన్ వేడెక్కుతుంది, కాలుతుంది. లేక్ యూనియన్, లేక్ వాషింగ్టన్ లాంటి మంచినీటి సరస్సుల్లో మరో ముప్పు కూడా ఉంది. తడిసిన కనెక్షన్‌కు తోడు ఎర్త్ తీగ కూడా తెగి ఉంటే కరెంటు పడవ చుట్టూ నీళ్లలోకి దిగుతుంది. మంచినీటికన్నా మనిషి ఒంట్లోంచి కరెంటు సులువుగా పోతుంది కాబట్టి దగ్గర్లో ఈదుతున్న మనిషి కండరాలు బిగుసుకుపోయి, అరవకుండానే మునిగిపోతాడు. అందుకే మెరీనాలో ఎవరూ ఈతకు దిగకూడదు, పిల్లలు అసలే దిగకూడదు. 30 మిల్లీయాంపుల లీకేజీకే కరెంటు ఆపేసే ఈఎల్‌సీఐ బ్రేకరు పాత పడవల్లో చాలావాటికి లేదు. ఈ చలికాలం చేయించే మొదటి పని అదే కావాలి.

ఇక మునిగిపోవడం. సముద్రంలో తిరుగుతూ మునిగే పడవలకన్నా డాక్‌కు కట్టేసి ఉండగా మునిగేవే ఎక్కువని అమెరికా బీమా సంస్థల అనుభవం. అందులో వానకూ వాటా ఉంది. వెనక మనుషులు కూర్చునే కాక్‌పిట్ సుమారు 4 చదరపు మీటర్లు అనుకోండి. ఒక రాత్రి 50 మిల్లీమీటర్ల వాన పడితే అందులో 200 లీటర్లు చేరతాయి. తూముల్లో మేపుల్ ఆకులు అడ్డం పడితే ఆ 200 కిలోల బరువు వెనక నిలిచిపోతుంది. వెనకభాగం కిందికి దిగుతుంది. మామూలుగా నీటిమట్టానికి పైన ఉండే రంధ్రాలు మట్టానికి వస్తాయి. కాక్‌పిట్ బల్లల కింది మూతల్లోంచి నీళ్లు కేబిన్‌లోకి దూకుతాయి. బిల్జ్ పంపు ఉందిగా అని ధీమా పడకండి. అది బ్యాటరీ ఉన్నంతసేపే తిరుగుతుంది. పైగా ఎవరూ లేనప్పుడు నీళ్లు తోడేసి లీకు ఉన్న సంగతినే దాచిపెడుతుంది. పంపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే చిన్న కౌంటరు దొరుకుతుంది, బిగించండి. పొడి వారంలో తిరగని పంపు వాన వారంలో ముప్పైసార్లు తిరిగిందంటే జవాబు దొరికినట్టే.

మరి ఆ లీకు పట్టుకోవడం ఎలా? ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. చుక్క పడుతున్న చోటే నీళ్లు దూరుతున్నాయనుకుని ఆ పైనే సీలెంట్ పూస్తారు. ఊళ్లో పాత మిద్దె ఇల్లు కారితే, చుక్క పడే చోట గిన్నె పెట్టి, కప్పు మీద బీట మాత్రం వేరే మూల వెతుకుతాం. పడవలోనూ అంతే. ముందుభాగంలో ఒక క్లీటు కింద దూరిన నీళ్లు డెక్ రెండు పొరల మధ్య పాకి, సీలింగు వెనక దిగి, వైర్ల గొట్టం పట్టుకుని, పది అడుగుల వెనక వంటబల్ల దగ్గర కారొచ్చు. అది ఏ వైపు పాకుతుందన్నది డాక్ దగ్గర పడవ ఎటు ఒరిగి ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే గాలి వాటం మారిన రోజు లీకు చోటు మార్చినట్టు కనిపిస్తుంది.

ముందు అవి ఏ నీళ్లో తేల్చుకోండి. షిల్షోల్ బే మెరీనా ఉప్పునీళ్లలో ఉంది. అక్కడ బిల్జ్ నీటిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంటే ఉప్పగా ఉందో లేదో తెలుస్తుంది. చప్పగా ఉంటే వానా, మీ సొంత మంచినీళ్ల ట్యాంకా అన్నదే మిగిలిన ప్రశ్న. 1917లో తెరిచిన బాలార్డ్ లాక్స్ దాటి లోపలికి, లేక్ యూనియన్‌లో కట్టేసుకున్నవాళ్లకు ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ వాన నీళ్లూ చప్పనివే, సరస్సు నీళ్లూ చప్పనివే. ట్యాంకులో వంటకు వాడే ఎర్ర రంగు కొన్ని చుక్కలు కలపండి. బిల్జ్‌లోకి ఎర్రనీళ్లు వస్తే పైపు బిగించుకోవాలి. రాకపోతే డెక్ మీద పెద్ద ప్లాస్టిక్ పట్టా కప్పి ఒక వాన పోనివ్వండి. లోపల పొడిగా ఉంటే దొంగ పైనే ఉన్నాడు.

చెమ్మను కూడా వాననీటి లీకు అనుకుంటారు. లోపల వండి, నిద్రపోతే మన ఊపిరీ గ్యాసు ఆవిరీ చల్లటి కిటికీ ఫ్రేముల మీద నీళ్లుగా దిగుతాయి. అనుమానం ఉన్న చోట అరచేతి వెడల్పు ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపు వేసి ఒక రాత్రి ఉంచండి. తెల్లారి చూస్తే మనవైపు తడి ఉంటే అది ఆవిరి. ప్లాస్టిక్ వెనక తడి ఉంటే అది లీకు. మాస్టు విషయమూ చెప్పాలి. అడుగుదాకా దిగే మాస్టు ఉన్న పడవల్లో పైన తాళ్లు తిరిగే గాడుల్లోంచి వాన లోపలికి పడి బిల్జ్‌లోకి రావడం మామూలే. దాన్ని ఆపలేం, ఆపనక్కర్లేదు. మాస్టు అడుగున నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోకుండా చూసుకుంటే చాలు. కానీ మాస్టు డెక్‌ను దాటే చోట చుట్టిన రబ్బరు పట్టీ చిరిగితే అది వేరే లీకు. దాన్ని ఆపి తీరాలి.

తర్వాత కేబిన్ ఖాళీ చేయండి. పరుపులు, లైఫ్ జాకెట్లు, అలమరాల్లో సామాను అంతా ఒడ్డుకు చేర్చండి. విప్పగలిగిన సీలింగు పలకలన్నీ విప్పండి. ఈ పనికి బద్ధకించడం వల్లే లీకు ఏళ్ల తరబడి దొరకదు. లోపల పూర్తిగా ఆరబెట్టి, ప్రతి బోల్టు కొస కిందా టాయిలెట్ పేపరు తుంపు అంటించండి, పలకల అంచుల వెంట సుద్దపొడి చల్లండి. తడి తగిలిన కాగితం ముడుచుకుంటుంది, సుద్ద మీద నీటి దారి గీతలా పడుతుంది. వాన పడ్డ రాత్రి గాలి ఎటు నుంచి వీచిందో రాసి, ఫోటో తీసి పెట్టుకోండి.

అప్పుడు గొట్టం పట్టండి. అంతకంటే ముందు డాక్ కరెంటు లైను తీసి పక్కన పెట్టండి. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చితో, ఒకరు పైన నీళ్లతో. డెక్ మొత్తం ఒకేసారి తడిపితే ఏమీ తెలియదు. నీళ్లు చిమ్మకుండా మెల్లగా పారనివ్వాలి. కింద అంచు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఎందుకంటే పైన పోసిన నీళ్లు ఎలాగూ కిందికి జారి అన్నిటినీ తడుపుతాయి. ముందు పడవ ఒళ్లు (హల్), డెక్ కలిసే అతుకు, తర్వాత కమ్మీ పాదాలు ఒక్కొక్కటీ, తర్వాత చెయిన్‌ప్లేట్లు, ఆపైన కిటికీలు, చివరికి హ్యాచ్‌లు. ఒక్కో చోట పది, పదిహేను నిమిషాలు ఆగాలి. నీళ్లు పొరల మధ్య పాకి రావడానికి అంత సమయం పడుతుంది. పక్కనున్నవాటిని టేపుతో మూసి ఉంచితే ఏది కారుతోందో గందరగోళం ఉండదు.

గొట్టంతోనూ దొరక్కపోతే గాలి పరీక్ష. వెంటిలేటర్లు, తూములు టేపుతో మూసి, హ్యాచ్‌లో అట్ట అమర్చి, కరెంటు బ్లోయర్‌తో కేబిన్‌లోకి గాలి నింపండి. బయట ప్రతి బోల్టు చుట్టూ, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు పూయండి. ఎక్కడ బుడగలు లేస్తే అక్కడే సందు. ఒకే పూటలో డెక్ మొత్తం లీకుల పటం చేతికి వస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి ఇదే. అయితే గాలి ఒత్తిడి ఎక్కువ పెట్టకూడదు, కిటికీ ఊడుతుంది. పెట్రోలు బ్లోయరు మాత్రం దగ్గరికి కూడా రానివ్వకండి, మూసిన కేబిన్ నిండా కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది.

దొరికాక చాలామంది సిలికాన్ గొట్టం తెచ్చి పాదం చుట్టూ బయట నుంచి పూసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎగువన ఇంకో సందు ఉంటే లోపలికి వచ్చిన నీటికి బయటికి పోయే దారి కూడా మూసినట్టవుతుంది, పుచ్చు ఇంకా వేగంగా సాగుతుంది. పైగా సిలికాన్ ఒకసారి అంటిన చోట మరే సీలెంటూ సరిగ్గా పట్టదు. సరైన పని ఆ భాగాన్ని విప్పడం. రంధ్రాన్ని పెద్దది చేసి, తడిసిన బాల్సాను గీకి తీసి, ఆరబెట్టి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ రంధ్రం వేయాలి. ఇక మీదట సీలెంట్ వదిలినా నీళ్లు ఎపాక్సీని తాకుతాయే తప్ప చెక్కను తాకవు. రంధ్రం అంచును కాస్త చెక్కి, బ్యూటైల్ టేపు చుట్టి, బోల్టును కదలనివ్వకుండా కింద నట్టును మాత్రమే తిప్పి బిగించాలి. ఒక్కో పాదానికి గంటన్నర పడుతుంది. వాన లేని రోజుల్లోనే అయ్యే పని కాబట్టి తొందర పెడుతున్నాను. చెయిన్‌ప్లేటులో గుంటలో పగులో కనిపిస్తే దాన్ని రుద్ది మళ్లీ పెట్టకండి. కొత్తది చేయించండి. రెండో వైపుదీ విప్పి చూడండి, వయసు రెండింటిదీ ఒకటే.

మన ఊళ్లో ఇది చదువుతున్నవాళ్లకూ ఒక మాట. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పోటీలు జరిగేది జూలైలో, సరిగ్గా వానాకాలంలో. అక్కడ వాడే లేజర్ లాంటి చిన్న పడవలకు కేబిన్ లేదు గానీ బోలు శరీరం ఉంది. మాస్టు నిలబెట్టే గొట్టం అడుగున పగిలితే నీళ్లు లోపలికి చేరతాయి. 59 కిలోల పడవ లోపల 20 కిలోల నీళ్లు ఉన్నా ఒడ్డున నిలబడి చూస్తే తెలియదు. బోల్తా పడినప్పుడు మాత్రం అది లేవదు. పన్నెండేళ్ల పిల్ల నీళ్లలో దాన్ని ఎత్తడానికి పెనుగులాడాలి. పోటీకి ముందురోజు ఆ గొట్టం నిండా నీళ్లు పోసి మట్టం దగ్గర గీత గీయండి. ఒక గంటలో గీత కిందికి దిగితే ఆ పడవను దించకండి. వెనకున్న డ్రెయిన్ బిరడా తీసి లోపలి నీళ్లు వంచడం రోజూ చేయాలి. పిల్లలకు నేర్పే శిక్షకులు ఇది నియమంగా పెట్టుకోవాలని వేడుకుంటున్నాను.

చివరగా కొనబోయేవాళ్లకు. వేసవిలో పొడిగా ఉన్న కేబిన్‌ను చూసి డబ్బు కట్టకండి. మెరైన్ సర్వేయరును పెట్టుకోండి. ప్లాస్టిక్ సుత్తితో డెక్ అంతా తట్టమనండి, బాగున్న చోట టకటకమని, పుచ్చిన చోట మొద్దుగా వినిపిస్తుంది. తేమ మీటరు అంకెలు రాతలో ఇవ్వమనండి. కానీ సర్వేయర్లు సాధారణంగా చెయిన్‌ప్లేట్లు విప్పరు, అది వాళ్ల పని పరిధిలో ఉండదు. బీమా పాలసీలు కూడా మామూలుగా క్రమక్రమంగా వచ్చిన పుచ్చునూ తుప్పునూ మినహాయిస్తాయి. అంటే ఆ గాడిలో ఏముందో చూసే బాధ్యత మీదే, ఖర్చూ మీదే. అమ్మేవాళ్లు తెలుగువాళ్లయినా, స్నేహితులైనా, గోడ మీద చార ఎన్నాళ్లుగా ఉందో అడగండి. మీరే అమ్మేవాళ్లయితే అడక్కుండానే చెప్పండి, అవతలివాళ్లు ఆ పడవలో పిల్లల్ని ఎక్కించుకుంటారు. పాత పడవకు బేరం కుదిరాక కూడా ఒక షరతు పెట్టండి: రెండు వైపులా చెయిన్‌ప్లేట్లు విప్పి, కళ్లారా చూశాకే చెక్కు రాయండి. అందుకు ఒప్పుకోని పడవను వదిలేయండి.